కత్తికీ కత్తెరకీ నడుమ

ఎర్రగుంట్ల నాలుగురోడ్ల కాడ
సిమెంటు లారీ పోయినప్పుడల్లా
కుళ్ళాయప్ప షాపులో అద్దం వణుకుతుంది.
బీట దగ్గర నా తల రెండవుతుంది.

మెడచుట్టూ గుడ్డ బిగించి
"ఈపొద్దు ఏం పాఠం సార్?" అంటాడు.
ముప్పై ఏళ్ళలో డిగ్రీ పిల్లలెవరూ అడగని ప్రశ్న.
అందుకే చెబుతాను,
గడ్డం కిందికి కత్తి రాకముందే.

ఫ్రాంకులని ఉండేవాళ్ళు కుళ్ళాయప్పా.
వాళ్ళ రాజులకు కిరీటం కన్నా జుట్టు ముఖ్యం.
పుట్టినప్పటి నుంచీ కత్తెర తగలనీయరు.
భుజాలు దాటి జారితే రాజు,
కోస్తే మామూలు మనిషి.

"అంటే మా పనోడొకడు చాలు
రాజ్యం దించేదానికి."

పారిస్‌లో ఒక ముసలి రాణి.
పెద్ద కొడుకు యుద్ధంలో పోతే
అతని ముగ్గురు బిడ్డలను సాకుతోంది.
మిగిలిన కొడుకులకు ఆ పిల్లల వాటా మీద కన్ను.
మన దగ్గర మూడెకరాల చెనిక్కాయ చేనుకు జరిగేదే
అక్కడ దేశానికి జరిగింది.
పట్టం కడతామని పిల్లలను పిలిపించుకుని
తల్లి దగ్గరికి ఒక మనిషిని పంపారు.
ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో ఒర తీసిన కత్తి.
ఏది కావాలో నువ్వే చెప్పమ్మా.

వాళ్ళ భాషలో ఆ రెండు మాటలూ ఎంత దూరమో తెలియదు.
మనకైతే గుడి తీసేసి ఎత్వమిచ్చి
పక్కన ర పెడితే చాలు.
పైగా యుద్ధానిదీ కత్తే, గడ్డానిదీ కత్తే,
ఎర్రగడ్డ తరిగేదీ కత్తే.

చేయి ఆగింది.
"ఏమనింది ఆయమ్మ?"

జుట్టు కోసిన మనవళ్ళను చూసేకన్నా
చచ్చిన మనవళ్ళనే చూస్తానంది.
కోపంలో అనిందో, ఏడుస్తూ అనిందో,
అడిగినవాడు రెండోసారి అడగలేదు.
మాట ఆరకముందే మోసుకుపోయాడు.
పెద్దోడికి పదేళ్ళు. తమ్ముడికి ఏడు.

లారీ పోయింది. అద్దంలో ఇద్దరమూ వణికాం.

"మా అమ్మయితే కత్తెర అనేది సార్.
గుండు గీకించి, ఆముదం పూసి,
నాలుగు నెల్లు గుడ్డ కట్టి దాచిపెట్టేది.
ఎంటికలదేముంది?
పచ్చిమాను. మళ్ళా చిగరెయ్యదా?"

నురగ కింద నా ఒళ్ళు జలదరించింది.
ఆ రాణి మొగుడే ఒకప్పుడు
ఓ తండ్రికీ కొడుక్కీ జుట్టు తీయించాడు.
ఏడ్చే తండ్రితో కొడుకు అన్నది ఇదే:
పచ్చిమాను ఆకులే కదా, మళ్ళీ వస్తాయి.
ఆ మాట వినకూడని చెవిన పడింది.
తర్వాత ఇద్దరి తలలూ పోయాయి.
అంటే కత్తెర కూడా చివరికి కత్తేనని
ముసలామెకు తెలుసేమో.

అప్పటికి మన పక్కన కలమల్ల రాతి మీద
తెలుగు అక్షరం ఇంకా పడలేదు.
ఆ మాట ఇక్కడిదాకా ఏ బండెక్కి వచ్చింది?
ఎవరూ మోసుకురాలేదు.
తలలు చేతబట్టినవాడికి
ఎక్కడైనా అదే తోస్తుంది కాబోలు.

ఆ పైన నేను చెప్పలేదు. ఆయనే చెప్పాడు.
ముద్దనూరు దాటినాక ఒక ఊళ్ళో
పెద్దాయన వాకిట్లోకి వాళ్ళ నాయనను పిలిపించి
ఎదుటి పార్టీ పిల్లోడికి
సగం తల, సగం మీసం గీకమన్నారంట.

"గీకినాడా?"

"గీకినాడు సార్. చేతిలో కత్తి ఉన్నెంత మాత్రాన
మా నాయన చేతిలో ఏముండాది?"

పటిక రుద్దాడు. మండింది.

"మిగతా సగం ఆ పిల్లోడే గీక్కున్నాడంట,
అద్దం ల్యాకుండా. రాత్రికి రాత్రి రైలెక్కినాడు."

మూడో మనవడి సంగతి అప్పుడు చెప్పాను.
ఎవరో దాచిపెట్టారు వాణ్ణి.
పెరిగాక తన జుట్టు తన చేత్తోనే కోసుకుని
సన్యాసుల్లో కలిసిపోయాడు. బతికాడు.

"వానికి పని వచ్చన్నమాట,"
అంటూ గుడ్డ విదిలించాడు.
నా తెల్లవెంట్రుకలు కొన్ని
లారీ డ్రైవర్లవీ, నాపరాయి గనివాళ్ళవీ నల్లటి వాటిలో పడ్డాయి.

ఎనభై ఇచ్చాను.
"రేపు ఏ రాజు సార్?"

రేపు మంగళవారం కదప్పా,
నువ్వు కత్తి పట్టవు.