చంకలో పుంజు

రాత్రంతా సాల్మన్ చేపల పొట్టలు చీల్చి
ఆరింటికి పడవ దిగి వస్తానా,
గేటు దగ్గర వాడు.
పేరు నోటరీ.
పిక్కమీద ముద్ర గుద్దనిదే ఎవర్నీ లోపలికి పంపడని
ఎదువీనా ముసలమ్మ పెట్టిన పేరు.

మెడ ఈకలు గొడుగులా విప్పి
ఒక రెక్క నేలకు రాస్తూ, పక్కవాటుగా అడుగేసి
కాలు దువ్వుతాడు.
అంతవరకూ అది మనుషులు చేసే పని అనుకున్నాను.

మొదటి రోజు తన్నాను. రబ్బరు బూటుతో, గట్టిగానే.
ఎగిరి పడ్డాడు, దులుపుకున్నాడు,
ఇంకా హుషారుగా తిరిగొచ్చాడు.
కిటికీలోంచి ముసలమ్మ:
"తన్నావా? అయితే పందెం ఒప్పుకున్నట్టే.
ఇక రోజూ ఆడాలి."
రెండో రోజు పరిగెత్తాను.
"ఇక పెరడు వాడిది. అద్దె వాడికే కట్టు."

ఈ చిలొయే దీవిలో వాన ఆగితే వార్త.
ఆమెకు కోడీ ఉంది, కుంపటీ ఉంది.
తెల్లారడం మాత్రం తన చేతిలో లేదని తెలుసు.
మబ్బుకి దయ కలిగితే తొమ్మిదింటికి,
లేకపోతే లేదు.

అక్టోబరులో పక్కింటి ఇసెల్దా, ఐదేళ్ళది,
గుడ్డు కోసం వంగింది.
కంటికింద, గోరంత దూరంలో,
మూడు కుట్లు.
వాళ్ళ నాన్న నవెల్కిన్ గొడ్డలితో వచ్చి
కంచె దగ్గర నిలబడ్డాడు. అరవలేదు.
అరిచి ఉంటే బాగుండేది.

"తప్పు నాది," అంది ఎదువీనా.
"పిల్లలు తిరిగే చోట వాణ్ణి వదిలాను.
పదిహేను రోజులివ్వు. మారకపోతే
నీళ్ళు నేనే కాస్తాను, కుండ నీకే పంపుతాను."

ఆ రాత్రి
పొగలు కక్కే బంగాళాదుంప ఒకటి తీసి
వాడి కాలిముల్లుకు గుచ్చింది,
చర్మానికి తగలకుండా గుడ్డ చుట్టి.
"కదలనీకు రోసమేల్, పసివాడి కాలనుకో."
పై పెంకు మెత్తబడ్డాక మెలితిప్పితే
పెన్ను మూతలా ఊడొచ్చింది.
లోపల చిన్న మొన, లేత గులాబీ రంగులో,
బట్టలిప్పిన పిల్లాడిలా.
రెండో కాలికి రెండో దుంప.
ఆ దుంపలు ఎవరమూ తినలేదు.

మర్నాటినుంచి వాడు ఆమె చంకలో.
రెక్కలు రెండూ ముడిచి, ఉన్ని షాలు కింద,
తల మాత్రం బయటికి.
ఆ చంకతోనే కట్టెలు లెక్కపెట్టింది,
చేపలావిడతో గీచిగీచి బేరమాడింది,
పెట్టలన్నీ చూస్తుండగా పెరడంతా ఊరేగించింది.
ముక్కు ఎత్తితే వేలితో వంచింది,
ఊపిరి నిమ్మళించేదాకా వంచే ఉంచింది.
గింజుకుంటుంటే దించలేదు.
ఊరుకున్నాకే దించింది.

"పాపం, భయమేమో వాడికి," అన్నాన్నేను.
"భయమా గియమా! వాడి పని వాడు చేస్తున్నాడు.
ఎవరిమీద కాపలా కాయాలో తెలీదంతే.
చెబుతున్నాను."

ఒక తెల్లవారుజామున మేస్త్రీతో గొడవపడి
పిడికిలి విప్పకుండానే ఇల్లు చేరాను.
"పట్టుకో, కట్టెలు తేవాలి,"
అని వాణ్ణి నా చంకలో పెట్టేసి వెళ్ళిపోయింది.
మోచేతికి ఆనుకుని గుప్పెడంత వేడి,
గడియారం మింగినట్టు గుండె.
ఎవరు ఎవర్ని మచ్చిక చేస్తున్నారో అని
ఏదో గొప్పగా తోచబోయింది,
ఇంతలో చొక్కా మీద రెట్ట వేశాడు.

పదిహేనో రోజు నవెల్కిన్
గేటు నుంచి గూటిదాకా మెల్లగా నడిచాడు, ఖాళీ చేతులతో.
నోటరీ మెడ ఈకలు సగం లేచాయి.
ఆగాయి.
నేలమీద లేని గింజనొకదాన్ని
శ్రద్ధగా పొడుచుకున్నాడు.
నవెల్కిన్ ఏమీ అనలేదు. సాయంత్రం మేకులు తెచ్చి
కంచె ఇంకో రెండడుగులు ఎత్తు చేశాడు.
ముసలమ్మే సుత్తి అందించింది.
ఇసెల్దా ఇప్పుడు గుడ్లు కంచె ఇవతలే తీసుకుంటుంది.

ఈ ఉదయం వాడి కొడుకు,
ముల్లు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నవాడు,
నా బూటు ముందు కాలు దువ్వాడు.
లోపల పొయ్యి మీద కుండ పెట్టిన చప్పుడు.
"దుంపలకేనా?" అడిగాను.
"ఇంకా అనుకోలేదు," అంది.