తుప్పు పట్టించే పని

చదరపు మీటరుకి తొంభై జ్లోటీలు.
కొత్త ఇనపరేకుని పాతదాన్ని చెయ్యడానికి
నా రేటు అది.
వెనిగర్, కల్లుప్పు, కాస్త పెరాక్సైడ్,
వెంట్రుకలూడిన కుంచె,
ఒక రాత్రి ఓపిక.
తెల్లారేసరికి రేకు మీద
నలభై ఏళ్ళు దిగి కూర్చుంటాయి.

వూచ్ నగరంలో ఈ నూలుమిల్లు
ఇప్పుడు డిజైన్ స్టూడియో.
గోడల సున్నం గీకించి ఇటుకల్ని బయటికి తీశారు,
ఒక్కో ఇటుక ముఖానా లైటు.
పైకప్పు కింద లావుపాటి గాలిగొట్టాలు మూడు.
ఒక్కటే గాలి మోస్తుంది,
తక్కిన రెండూ చూపుకి.
ఓల్గ్యెర్ద్ గారు నిచ్చెన కింద నిలబడి
తల పక్కకి వంచి అంటాడు:
"బొగుమీవా, ఆ మూల ఇంకాస్త బాధ కావాలి."
బాధకి నా దగ్గర వేరే కుంచె ఉంది.

మా అమ్మ గెనొవేఫా
ఇదే హాల్లో పన్నెండు మగ్గాలు చూసేది.
శనివారం మధ్యాహ్నం మగ్గాలాపి
ఇనపపీచుతో తుప్పు గీకేది.
గుడ్డ మీద ఒక్క గోధుమరంగు చుక్క పడితే
అరరోజు కూలి కోత.
నా పనేంటో చెప్పిన రోజు
చాలాసేపు నా చేతులే చూసి
"దీనికి డబ్బులిస్తారా?" అంది.
నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

చూస్తానంటే నిన్న తీసుకొచ్చాను.
ఎనభై మూడేళ్ళు. చెవులు రెండూ
ఎప్పుడో మగ్గాలకే ఇచ్చేసింది.
కిటికీ నుంచి అయిదో స్తంభం తన చోటు.
అక్కడిప్పుడు కాఫీ మిషను.
కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమోనని భయపడ్డాను గానీ
"దీనికి పచ్చరంగుండేది, ఎవడు గీకాడు?" అని కోప్పడింది.
అందరూ ఫోటోలు తీసుకునే నేలమీది నూనెమరకని
చెప్పుతో తట్టి,
"యద్వీగాది. ఆమె మగ్గం ఎప్పుడూ కారేది" అంది.

హాలు నడుమ గాజుగది.
లోపలి మాట బయటికి రాదు,
మనుషులు మాత్రం కనిపిస్తారు.
దాపరికం లేని ఆఫీసని ఓల్గ్యెర్ద్ గారి మురిపెం.
అమ్మ కాఫీ చప్పరిస్తూ
టీవీ చూసినట్టు అటే చూస్తోంది.

మగ్గాల హోరులో గొంతు పనికిరాదు కదా,
ఆ ఆడవాళ్ళందరికీ పెదాలు చదవడం వచ్చు.
పెళ్ళిళ్ళు, అప్పులు, మేస్త్రీ మీద తిట్లు,
సమ్మె ఏ రోజో, ఏ గంటకో,
అన్నీ చప్పుడు లేకుండా
మగ్గం నుంచి మగ్గానికి నడిచేవి.

"మల్వీనా ఎవరు?"
"అదిగో, కిటికీ దగ్గర. మిల్లు పాత బోర్డు చూసి
అక్షరమాల గీస్తోంది."
"ఒకటో తారీకు నుంచి వద్దట.
ఆ గడ్డపాయన చెప్తున్నాడు.
పిల్లకి శుక్రవారం దాకా చెప్పరట,
అక్షరాలన్నీ అయ్యాక."

నేను నిచ్చెన పట్టుకుని అలాగే ఉన్నాను.
అమ్మ లేచింది.
మల్వీనా ఎదుట నిలబడి పెదాలు కదిపింది,
చప్పుడు లేకుండా, పాత అలవాటుగా.
ఆ పిల్లకేం తెలుసు, నవ్వింది,
కుర్చీ లాగి వేసింది.
అప్పుడు అమ్మ బల్ల మీది కాగితం తిప్పుకుని
ఆ పిల్ల గీసిన అక్షరాల మీదే
వేలు పెట్టింది.
ఒకటి. ఇంకోటి. మళ్ళీ మొదటిది.
ఇంకా గియ్యని అక్షరం వచ్చినచోట
ఖాళీ కాగితాన్ని తట్టింది.

మల్వీనా గాజుగది వైపు చూడలేదు.
కలానికి మూతపెట్టింది.
మూడక్షరాలు మిగిలే ఉన్నాయి.

ఇంటికెళ్ళే ట్రాములో అమ్మ నిద్రపోయింది.
నాకు మధ్యరాత్రి గుర్తొచ్చింది,
రేకు కడగకుండా వదిలేశానని.
పొద్దున వెళ్ళేసరికి తుప్పు రేకు దాటి
ఇటుక మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి
యద్వీగా మరక దాకా పాకింది.
ఓల్గ్యెర్ద్ గారు చేతులు కట్టుకుని నిలబడి
"ఇదీ, ఇదీ నేనడిగింది" అన్నాడు.

బిల్లులో ఎన్ని చదరపు మీటర్లు వెయ్యాలో
ఇంకా తేల్చుకోలేదు.