ఆమెకు వచ్చిన ఒక్క మాట

ఎఫిజేనియా అత్త అనేవాళ్ళం, ఎవరికీ అత్త కాకపోయినా.
సాల్వడార్ రేవు వీధిలో, తడి తాళ్ళ కంపులో,
ఎర్రటి పామాయిలు కాచి అలసంద వడలు వేసేది.
రోజు రాబడిలో దొరసాని వాటా పోగా
మిగిలిన రాగి నాణెం కుండ అడుక్కి.

పదిహేడేళ్ళు పట్టింది ఆ కుండకి.
మధ్యలో రెండుసార్లు తన ధర పెంచారు.
వడలు రుచిగా ఉన్నాయి మరి.

చివరికి చేతికొచ్చింది ఒక కాగితం. చదువు రాదు.
నోటరీ చదివి వినిపించాడు, తలూపి వచ్చేసింది.
మర్నాడు మందుల కొట్టు కుర్రాడితో చదివించింది.
ఆ మర్నాడు, తప్పతాగిన ఓడ గుమాస్తాతో:
"తాగినోడికి అబద్ధం అల్లే ఓపికుండదు."
ముగ్గురి నోరూ ఒకే చోట ఒకేలా తెరుచుకుంది.
ఫోర్రా.
చెర వీడినది.

ఆ మాట మీద వేలు పెట్టించుకుంది.
మొదట ఒక గాలం,
పక్కన బెండకాయ చక్రం,
తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు
ఒకరి వెనక ఒకరు, బుట్ట మోసే ఒంపుతో,
చివర నిండు చూలాలు.
బొగ్గుముక్కతో నేల మీద గీసి చూపించింది నాకు.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా అమ్మ ఇంకా ఒకరి సొత్తు.

ఒక సాయంత్రం ఫెలిస్మీనా వచ్చింది
కాగితంతో, కొత్త చెప్పులతో.
ఆ ఊళ్ళో బానిస కాళ్ళకి చెప్పులుండవు.
అత్త దీపం దగ్గరకి లాక్కుంది.
వేలు ఒక్కో వరుసే నడిచింది. ఎనిమిది వరుసలు.
ఎక్కడా ఆగలేదు.
మూకుట్లో వడలు మాడుతున్నాయి, ఎవరూ తియ్యలేదు.
ఫెలిస్మీనా తన పాదాలకేసి చూసుకుంది.

అది చెరకు తోటకి మూడేళ్ళ అద్దె రసీదు.
డబ్బు మాత్రం పూర్తిగా పుచ్చుకున్నారు.

తెల్లారేసరికి నోటరీ గుమ్మంలో
ఇరవైముగ్గురం, ఖాళీ బుట్టలతో.
రేవులో ఆ పూట ఎవడికీ తిండి లేదు.
ఆయన నవ్వాడు. మధ్యాహ్నానికి అరిచాడు.
అత్త కాగితం బల్ల మీద పరిచి
వేలితో ఖాళీ చోటు తట్టింది:
"ఇందులో ఇద్దరు ఆడవాళ్ళు తక్కువున్నారు.
రాయండి."

నాలుగో రోజున
ఆకలికి తాళలేని ఓడ కూలీల కేకల మధ్య
ఫెలిస్మీనా యజమాని వచ్చి సంతకం పెట్టాడు, ఎవరి ముఖమూ చూడకుండా.
అత్త మళ్ళీ ముగ్గురితో చదివించింది.

మిట్ట దిగుతూ ఫెలిస్మీనా కుంటుతోంది.
ఆ చెప్పులు ఒక వేలు చిన్నవి.
విప్పి చేత్తో పట్టుకోవే అన్నాం.
వినలేదు.