ఎర్ర తెర

మేత కొట్లో మధ్యాన్నం. ఫ్యాను గాలికీ రొయ్యమేత వాసనే.
పెంచలయ్య ఫోను నా ముందు పెట్టి
"సగం ధరకే పిల్లంట, డబ్బులు కట్టు మే" అన్నాడు.

లింకు కంప్యూటర్లో కొట్టానో లేదో
తెరంతా ఎర్రబడింది:
ఈ సైటు సురక్షితం కాదు.

"ఆగడానికి ఇదేమన్నా బిట్రగుంట రైలు గేటా, పోనీ!"
నేను పోనీలేదు.
హేచరీ పేరులో 'ఓ' ఉండాల్సిన చోట
గుండ్రంగా, అమాయకంగా
సున్నా కూర్చోనుంది.

కళ్లజోడు తుడుచుకొని చూశాడు. మళ్లీ చూశాడు.
మైపాడు దోవలో ఆయన గుంటకి
పీతలు దూరకుండా చుట్టూ వలకంచె,
కొంగలు వాలకుండా పైన దారాలు.
"తెల్లమచ్చా ఇంతే.
రొయ్య తేలేదాకా నీళ్లు నీళ్లలాగే ఉంటాయి"
అని, చెప్పిన టీ తాగకుండానే పోయాడు.

ఈ కాపలా సాఫ్టువేరు
పోయిన వేసవిలో పెట్టించింది నేనే.
ఎందుకని షావుకారు అడిగితే
అందరూ పెట్టుకుంటన్నారు అన్నా.
కరెంటు బిల్లు కట్టలేదంటూ వచ్చిన మెసేజీ,
చీటీ పాడిన పద్దెనిమిది వేలు,
ఒక్క నొక్కుడు.
ఆ లెక్క ఈ కొట్టు పుస్తకాల్లో లేదు.

ఇంకో పదకొండు రోజుల్లో గడువు తీరుతుందని
తెర మూలన చిన్న గంట.
రెన్యువల్ డబ్బులు
నా పర్సులోంచే తీసి పక్కన పెట్టా.