కదలకండి

ముప్పై ఏండ్లుగా నేను చెప్పిన మాట ఒక్కటే:
కదలకండి.
గడ్డం కొంచెం కిందికి, చెవులు రెండూ కనబడాలె,
రెప్ప కొట్టకండి... ఆఁ, అయిపోయింది.
మౌలాలీ గల్లీలో నా స్టూడియో.
పాస్‌పోర్టుకు, పాన్‌కార్డుకు, హాల్‌టికెట్‌కు,
ఒక్కోసారి దండ వేసే ఫొటోకు.

ఇప్పుడు ఎవరి మొఖం వాళ్ళ జేబులనే ఉంటున్నది.
మధ్యాహ్నాలు షాపుల నేను, నీలం పరదా, ఒక ఫ్యాను.
మూతబడ్డ ట్యుటోరియల్ కాలేజీవాళ్ళు
గ్రూపు ఫొటోల బాకీ కింద ఇచ్చిపోయిన మైక్రోస్కోపు
నాలుగు నెలలు స్టూలు మీదనే కూర్చున్నది,
మెడకు నా గొడుగు తగిలించుకొని.

సఫిల్‌గూడ చెరువు గట్టు మీద నడకకు పోయి
మాత్రల సీసాల ఇన్ని నీళ్ళు పట్టిన.
గుర్రపుడెక్క వేరొకటి తుంచి వేసిన.
"పూజకా సార్?" వాచ్‌మన్ అడిగిండు.
"ఫొటోకు" అన్న.
సీసాలకు చూసిండు, నా మొఖంలకు చూసిండు,
మళ్ళీ బీడీ ముట్టించుకున్నడు.

మొదటి ఫొటో: నల్ల అంచు, గుండ్రటి ఒళ్ళు,
ఎంత నిమ్మళంగా నిలబడ్డదో!
అంత బుద్ధిమంతుడైన కస్టమరును నేను చూడలే.
పదహారు తీసిన. కింద "అమీబా" అని రాసిన.
హాల్‌టికెట్ ఫొటోకొచ్చిన బైపీసీ పిల్ల సఫూరా
నవ్వు ఆపుకొని అన్నది:
"అంకుల్, ఇది గాలిబుడగ."
రెండోది నీలం పురుగు, సన్నగ, పొడుగ్గ.
"ఇది మీ పరదా పోగు."

సరే.
టీపొడి డబ్బా మూతకు బెజ్జం కొట్టి
రబ్బరుబ్యాండుతో ఫోన్ బిగించిన.
వెంట్రుకవాసి జరిగితే అంతా చీకటే.
స్లైడు కుడికి జరిపితే లోపలిది ఎడమకు పోతది.
అది మాత్రం నాకు కొత్త గాదు,
మా ఉస్తాద్ పెట్టె కెమెరాల, నల్లబట్ట కింద,
పెండ్లికొడుకులంతా తలకిందులుగనే నిలబడేది.

అప్పుడొచ్చింది అది.
తల మీద రెండు చక్రాలు గిరగిరా,
జలగ లెక్క సాగి, ముడుచుకొని, మళ్ళీ సాగి,
మెడ కాడ ఏందో నములుతనే ఉన్నది.
"కదలకండి" అన్న.
నిజంగనే, పైకే అన్న. అలవాటు.
ఫ్యాను తప్ప ఎవరూ వినలే.

పేరు తెల్వని గిరాకీని రిజిస్టర్ల ఎట్ల రాస్తనో అట్లనే రాసిన:
"పచ్చ చొక్కా, ఎనిమిది కాపీలు, తీసుకపోలే" పేజీల,
దాని కిందనే:
"చక్రాల తల. తోక చివర రెండు పాయలు. నములుడు."
సఫూరా పుస్తకం తిరగేసింది: రోటిఫర్.
"అండ్ల ఏది?"
"వేలల్ల ఉంటయంట అంకుల్. నాకింతే తెలుసు."
అంటే ఇంటిపేరు దొరికింది.
సొంతపేరు ఖానా ఖాళీగ ఉంచిన.

సాయంత్రం, లైటు వేడికి
గాజు కింద నీళ్ళ అంచు లోపలికి జరగబట్టింది.
చక్రాలు మడిచింది. తోక లాక్కున్నది.
చిన్న ఉండలెక్క అయి
ఆగింది.

ఫోకస్ సూదిమొన లెక్క ఉన్నది. వేలు బటన్ మీదున్నది.
ఇసొంటి నిలకడ నాకు తెలుసు.
రాత్రిపూట తలుపు కొట్టి, పాత ఫొటో చేతుల పెట్టి,
"దీన్నే పెద్దది చెయ్యన్నా" అనేటోళ్ళ వెనక
ఇంట్ల పండుకొని ఉండేటోళ్ళది.

సీసాలకెల్లి ఒక చుక్క తీసి గాజు అంచుకు ఆనించిన.
టీ తాగొచ్చిన. షట్టర్ సగం దించిన.
ఇంక లేదనుకున్నంక
ఉండ కొంచెం సాగింది,
ఒక చక్రం, తర్వాత రెండోది.
గబగబ నొక్కిన.

షోకేసుల, చెవులు రెండూ కనబడే మొఖాల నడుమ
దాన్ని పెట్టిన.
నిన్న ఆధార్ ఫొటోకొచ్చినాయన
అద్దానికి ముక్కు ఆనించి చూసిండు.
"ఇదేందన్నా, షేకయింది?"
"కదిలింది" అన్న.