జాకీ దించి కొలవాలి

మొదట చప్పుడొచ్చింది.
ఎన్‌ఏడీ దాటాక, కొత్త స్పీడ్ బ్రేకర్ మీద,
ఎడం చక్రం దగ్గర ఎవరో తలుపు కొట్టినట్టు
టక్.
కుడికి తిప్పితే టక్.
ఎడమకి తిప్పితే ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడమే నాకు నచ్చలేదు.

గోనెసంచి పరుచుకుని కిందికి దూరాను.
స్టెబిలైజర్ బార్ ఉంది, యాక్సిల్ ఉంది,
రెంటినీ పట్టి ఉంచాల్సిన లింకు రాడ్డే
బుష్ అరిగిపోయి
ఊడబోయే పాలపన్నులా వేలాడుతోంది.

ఆటోనగర్‌లో ఏడు కొట్లు తిరిగాను.
ఏడు కౌంటర్ల మీదా ఒకటే ప్రశ్న:
"ఏ బండి? ఏ సంవత్సరం?"
ఏం చెప్పను.
ఆర్‌సీ బుక్కులో పుట్టిన తేదీ ఉంది గానీ
ఆ తర్వాత దానికేం జరిగిందో రాసి లేదు.
నాకు ముందు దీన్ని ఏలినవాడు
కశింకోట వైపు క్వారీ కాంట్రాక్టరు.
గోతుల్లో పొట్ట తగలకుండా నాలుగంగుళాలు లేపించాడు,
ఇంకేదో బండి పట్టీలు వేయించాడు,
దీనికి నప్పని టైర్లు తొడిగించాడు,
బాకీ తీర్చలేక నాకమ్మేశాడు.
నేను వెనకాల ఐసు పెట్టె కట్టించాను.
ఇప్పుడు రాళ్ళకు బదులు వంజరం, చందువా,
ఫిషింగ్ హార్బరు నుంచి అరకు దాకా.

కంపెనీ డబ్బాలోంచి లింకు
పెళ్ళికొడుకులా మెరుస్తూ బయటికొచ్చింది.
పట్టి చూస్తే బెత్తెడు పొట్టి.
"ఇదే ఒరిజినల్ సార్" అన్నాడు కుర్రాడు.
నిజమే. కానిది నా బండే.

"కోసి మధ్యలో ముక్క అతికేద్దాం" అన్నాడొకడు
వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదకి తోసి.
"పీకెయ్, అది లేకపోయినా బండి నడుస్తాది" అన్నాడింకొకడు.
నడుస్తాది. నాకు తెలుసు.
మొన్న అనంతగిరి ఘాట్‌లో
టన్నున్నర చేపా ఐసూ ఒక పక్కకి ఒరిగి
మళ్ళీ లేవాలా వద్దా అని
బండి ఒక్క క్షణం ఆలోచించింది.
ఆ క్షణంలో నేను బాకీ ఉన్నవాళ్ళందరూ
పేరు పేరునా గుర్తొచ్చారు.

కంచరపాలెం మెట్టు దగ్గర అప్పలకొండ లేతు.
షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు ఇనుము తిప్పినవాడు,
చెవులు కొంచెం దూరం.
నా కొలత కాగితం చూపించాను.
"ఎలగ కొలిసినావు?"
"జాకీ ఎత్తి."
కాగితం మడిచి మళ్ళీ నా జేబులోనే పెట్టాడు.
"గాల్లో ఏలాడినప్పుడు తీసింది జాకీ కొలత బావూ.
సరుకేసుకుని రా. నేల మీద నిలబెట్టు.
బరువు మోస్తున్నప్పుడు ఎంతుంటాదో
అదీ బండి కొలత."

తెల్లారి హార్బరు నుంచి నేరుగా వచ్చాను,
ఐసునీళ్ళు దారి పొడుగునా కారుతుంటే.
వీధి పిల్లులన్నీ లేతు ముందు హాజరు.
వలతాడు ముక్క అడిగి తీసుకుని
కింద పడుకుని రెండు ముళ్ళు వేశాడు.
టేపు లేదా అంటే
"కళ్ళజోడు ఇంటికాడుంది" అన్నాడు.

తుక్కు కుప్పలోంచి స్కూలు బస్సు లింకులు రెండు తీశాడు.
అంచున ఇంకా పసుపురంగు చెమ్మ.
బోల్టు కన్నం పెద్దదైతే
ఉక్కు స్లీవు తిప్పి దిగ్గొట్టాడు,
నీలంగా చుట్టలు తిరిగిన రజను
నా చెప్పుల మీద పడింది, ఇంకా వేడిగా.
తాడు పెట్టి చూశాడు:
ఒకటి సరిగ్గా ముడికి ముడి,
ఒకటి బియ్యపుగింజంత ఎక్కువ.
"పర్లేదు. నీ కాళ్ళు మాత్రం సమానంగా ఉన్నాయేటి?"
ఆరువందలూ, ఒక చందువా.

మధ్యాహ్నం టైడా మలుపు.
బండి ఒరిగింది. లేచింది.
టక్ కోసం చెవి ఒగ్గి ఒగ్గి
రేడియో పెట్టడం మర్చిపోయాను.
వలతాడు స్టీరింగు పక్కన కట్టి ఉంది
రెండు ముళ్ళతో, చేప వాసనతో.
ఇకమీదట ఏ బండి అని ఎవరడిగినా
అదే చూపిస్తాను.

ఆ బియ్యపుగింజ ఎడంవైపు పడిందో కుడివైపు పడిందో
అడగనే లేదు.