తలకట్టు

కె.ఆర్. పురం బ్లాకు ఆఫీసు మేడమీద
మూడు రోజుల ట్రైనింగు.
ఆరు, ఏడు తరగతులకి కన్నడం చెప్పేవాళ్ళం నలభై మందిమి,
నలభై టిఫిను డబ్బాలు, నాలుగు ఫ్యాన్లు,
అందులో తిరిగేవి రెండు.

మొదటి రోజు ఇందుధర మేష్ట్రు
ఏమీ మాట్లాడకుండా తలా ఒక కాగితం పంచాడు.
ఏ దేశపు లిపో. అన్నీ సున్నాలు, కొక్కేలు,
పూలు రాలిపోయాక మిగిలిన మల్లెదండ దారంలా.
"పైకి చదవండి," అన్నాడు,
"మీ నుంచే, నీలం చీర మేడమ్."

నీలం చీర నేనే.
ఇరవై రెండేళ్ళ సర్వీసు.
కట్టలు కట్టలు పేపర్లు దిద్దిన చెయ్యి.
గొంతు సవరించుకున్నాను.
బ్యాగులో కాసేపు వెతికి
"కళ్ళజోడు ఇంట్లో మరిచానండీ" అన్నాను.
కళ్ళజోడు ముక్కుమీదే ఉంది.

ఎవరూ నవ్వలేదు. వాళ్ళ వంతు వస్తోంది కదా.
ఫిలోమినా నీళ్ళకి లేచింది.
ఎప్పుడూ గట్టిగా మాట్లాడే గవిసిద్ధప్ప
పక్కవాడి కాగితంలోకి తొంగిచూశాడు,
అక్కడేదో వేరేది రాసుంటుందన్నట్టు.
చివరి బెంచీ ఆయన ఏకంగా కథే అల్లేశాడు,
కాగితం మీద చూపు తిప్పకుండా.

మేష్ట్రు ఒక్క మాటన్నాడు:
"చదవడం రానివాడు
అది బయటపడకుండా ఎంత పని చేస్తాడో చూశారా?"
తర్వాత టీ వచ్చింది.
నా టీ మీద మీగడ కట్టింది.

కుళ్ళాయప్ప.
ఆరో తరగతి, కిటికీ పక్క.
అపార్ట్‌మెంట్లు కట్టే అమ్మానాన్నల వెంట
కదిరి నుంచి వచ్చి
హోరమావు రేకుల షెడ్డులో ఉంటాడు.
పాఠం పాఠమంతా చెవులతో పట్టేశాడు.
నోరు ఏడో లైనులో ఉంటే
వేలు మూడో లైనులో ఉంటుంది.
కొత్త పేజీ తిప్పమంటే కడుపునొప్పి.
"మొండి" అని రాశాను వాడి పేరు పక్కన,
రిజిస్టరులో, ఎర్ర ఇంకుతో.

బి.ఏ.లో నాకు ఛందస్సు నేర్పారు,
బి.ఇడి.లో అయిదు గళ్ళ పాఠ్యప్రణాళిక నేర్పారు.
పైపెదవి మీద నూగు మొలుస్తున్నవాడికి
వాడి పరువు పోకుండా
'అ' ఎట్లా చెప్పాలో ఎవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.
అది కింది తరగతుల పని అనుకున్నాను.
వాళ్ళేమో అంగన్‌వాడీ వైపు చెయ్యి చూపారు.

మూడో రోజు సర్టిఫికెట్టు ఇచ్చారు.
అందులో నా పేరుకి ఒత్తు తప్పు.

సోమవారం
ఒకటో తరగతి బొమ్మల పుస్తకం తీసి,
వాడి ముఖం చూసి,
మళ్ళీ బ్యాగులో పెట్టేశాను.
"బడికి ఎట్లొస్తావురా?" అన్నాను
మా చింతామణి తెలుగులో.
ఉలిక్కిపడ్డాడు. మిస్సుకి తెలుగొచ్చని
ఇన్ని నెలలూ వాడికి తెలియదు.
నేను తెలియనివ్వలేదు.

"బస్సుకు, మిస్. బోర్డు చూసే ఎక్కుతా."
"ఏముంటుంది బోర్డు మీద?"
"రామమూర్తి నగర."
"అందులో నీకొచ్చినంత రాయి."

చాలాసేపు రాశాడు.
బయట భోజనాల గిన్నెలు మోగుతున్నాయి.
మొదటి మాట వదిలేశాడు.
నగర.
మూడే అక్షరాలు.
ఒళ్ళు రెండు భాషలదీ, తలలు మాత్రం తెలుగువి.
కదిరిలో రెండో తరగతి దాకా నేర్చింది
ఎక్కడికీ పోలేదు,
తలకట్టు పట్టుకుని వేలాడుతోంది.

ఎర్రపెన్ను మూత తీశాను, అలవాటు కొద్దీ.
కన్నడంలో ఆ గీత పక్కకు వాలుతుంది.
మనది పైకి లేస్తుంది కదా, రైటు గుర్తులా.
న మీద ఒకటి, గ మీద ఒకటి, ర మీద ఒకటి.
మూడు రైటులు
వాడే పెట్టుకొచ్చాడు.

మూత పెట్టేశాను.
"ఇప్పుడు రామ," అన్నాను.
"నీళ్ళు తాగొస్తా మిస్," అన్నాడు.
నిజంగా దాహమేమో. పొమ్మన్నాను.

తిరిగొచ్చాడు.